ఊరు విడిచాకే ఊరి పేరు
(గ్రంథాలయ వారోత్సవాల్లో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

సభకు నమస్కారం. పిల్లలు ఇంతమంది వచ్చినందుకు మరీ సంతోషం.

సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవం చేసుకుంటాం. 15న ఇంజినీర్ల దినోత్సవం. ఒకటి ఎస్. రాధాకృష్ణన్ గారి పుట్టినరోజు, రెండోది ఎం. విశ్వేశ్వరయ్య గారిది. ఇందాక ముందు వరసలో పిల్లల్ని అడిగాను, ఆ ఎస్ ఏమిటి, ఆ ఎం ఏమిటి అని. ఎస్ అంటే సర్వేపల్లి అని ఇద్దరు ముగ్గురు చెప్పారు. ఎం దగ్గర ఆగిపోయారు. ఎం అంటే మోక్షగుండం.

రెండూ ఊళ్ళే. సర్వేపల్లి నెల్లూరు దగ్గర వెంకటాచలం మండలంలో ఉంది. మోక్షగుండం కంభం వైపు, బేస్తవారిపేట మండలంలో ఉంది. కానీ రాధాకృష్ణన్ పుట్టింది తిరుత్తణిలో. విశ్వేశ్వరయ్య పుట్టింది మైసూరు రాజ్యంలో, ముద్దెనహళ్ళిలో. ఇద్దరి ఇంటిపేర్లూ వాళ్ళు పుట్టని ఊళ్ళవే. కాస్త ముందుకెళితే, తమిళదేశంలో కావేరి ఒడ్డున రామభక్తిలో బతికిన త్యాగయ్య గారు ఉన్నారు కదా, ఆయన ఇంటిపేరు కాకర్ల. ఆ కాకర్ల కూడా కంభం దగ్గరే, అర్ధవీడు మండలంలో. అంటే ఒకే కంభం చుట్టుపక్కల నుంచి ఒక కుటుంబం దక్షిణానికి, ఒక కుటుంబం పడమటికి పోయింది. ఒకరింట కీర్తనలు పుట్టాయి, ఒకరింట ఆనకట్టలు కట్టిన బుర్ర పుట్టింది. భాష మారిన నేల మీద కూడా రెండిళ్ళవాళ్ళూ ఊరి పేరు మాత్రం విడవలేదు.

నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఒక్కటే. ఊరి పేరుతో ఉన్న ఇంటిపేరు ఆ ఊళ్ళో ఉండగా రాదు. ఊరు విడిచిపెట్టాక వస్తుంది. ఆలోచించండి, కందుకూరులో ఉన్నవాడిని ఎవరైనా 'కందుకూరివారు' అంటారా? ఊరంతా కందుకూరివారే అయినప్పుడు ఆ పేరుతో పనేముంది? వాళ్ళు మూటాముల్లె కట్టుకుని ఇంకో ఊరు చేరినప్పుడు, అక్కడి జనం 'ఎవరండీ కొత్తగా వచ్చారు' అంటే 'కందుకూరి వాళ్ళు' అన్నారు. అలా అంటించింది చేరిన ఊరు. వీరేశలింగం గారు 1848లో రాజమహేంద్రవరంలో పుట్టారు. వారి పూర్వులు కందుకూరు నుంచి గోదావరి తీరానికి వచ్చినవాళ్ళు. గురజాడ అప్పారావు గారిది కూడా ఇదే కథ. గురజాడ కృష్ణా జిల్లా పామర్రు దగ్గర ఉంది. ఆయన పుట్టింది 1862లో విశాఖ వైపు రాయవరంలో, బతుకంతా విజయనగరంలో. కళింగాంధ్ర మాటను అంత అందంగా పట్టుకున్న మనిషి పేరు ముందు కృష్ణా జిల్లా ఊరు కూర్చుని ఉంది.

'ఎప్పుడో పాతకాలం సంగతులు, ఎవరు చూడొచ్చారు' అనుకోవచ్చు మీరు. చూసిన ఉదాహరణే ఒకటి చెబుతాను. హైదరాబాదు రాష్ట్రానికి 1952లో ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావు గారు. ఆయన అసలు ఇంటిపేరు బూర్గుల కాదు, పుల్లంరాజు. స్వగ్రామం బూర్గుల, షాద్‌నగర్ వైపు. చదువు, వకీలు పని, రాజకీయం అంటూ హైదరాబాదు చేరాక 'బూర్గుల రామకృష్ణారావు' అయ్యారు. పుల్లంరాజు వెనక్కి పోయింది, బూర్గుల నిలబడింది. ఇరవయ్యో శతాబ్దంలో, పత్రికలూ కచేరీ కాగితాలూ ఉన్న కాలంలో, అందరి కళ్ళ ముందూ ఒక ఇంటిపేరు పుట్టిందండీ! అయిదువందల ఏళ్ళ కింద కూడా ఇదే జరిగి ఉంటుంది, కాగితం లేకుండా.

ఇక నాకు చాలా ఇష్టమైన భాగానికి వస్తాను. బడిలో తెలుగు వ్యాకరణం చెప్పినప్పుడు ఔపవిభక్తికాలు అని ఒక పాఠం ఉంటుంది. ఇల్లు, ఇంటికి. ఏరు, ఏటికి. నుయ్యి, నూతికి. రోలు, రోటికి. ఇ, టి, తి అని మూడు అక్షరాలు వచ్చి మాట రూపు మారుస్తాయి. మార్కుల కోసం బట్టీ పట్టి మరిచిపోతాం. మన ఇంటిపేర్ల తాళం ఆ పాఠంలోనే ఉంది. 'ఫలానా ఊరి' వాళ్ళు అన్నప్పుడు ఊరి పేరు ఆ రూపంలోకి మారుతుంది. ఆ మారిన రూపమే ఇంటిపేరుగా గడ్డకట్టింది.

తేలికైనవి ముందు చూద్దాం. ఊరు, ఊరి. టంగుటూరు నుంచి టంగుటూరి, వేమూరు నుంచి వేమూరి. ఇవి అందరికీ తెలుస్తాయి. పాడు అయితే పాటి. నూతలపాడు పర్చూరు దగ్గర ఉంది, ఇంటిపేరు నూతలపాటి. హైదరాబాదులో ఆడపిల్లల చదువు కోసం అంత శ్రమపడ్డ మాడపాటి హనుమంతరావు గారి ఇంటిపేరు చెబుతున్న ఊరు మాడపాడు. ఏరు అయితే ఏటి. పసుపులేటి, ఏలేటి అన్నప్పుడు వెనక ఒక ఏరు పారుతోందన్నమాట. గల్లు అయితే గంటి. ఇది చూడండి ఎంత బాగుంటుందో. కన్ను కంటి అయినట్టు, ఇల్లు ఇంటి అయినట్టు, ఓరుగల్లు ఓరుగంటి అయింది. ఓరుగంటివారు ఎక్కడున్నా వాళ్ళ పేరులో కాకతీయుల రాజధాని ఉంది. అలాగే మాగల్లు, మాగంటి. మాగల్లు నందిగామ పక్కన ఉంది.

మర్రు అయితే మర్తి, పర్రు అయితే పర్తి. ఇక్కడ జనం తడబడతారు. 'మా ఇంటిపేరు పసుమర్తి, ఆ పేరుతో ఊరే లేదే' అంటారు. పసుమర్తి కోసం వెతికితే దొరకదు, పసుమర్రు కోసం వెతకాలి. కూచిపూడికి కొద్ది దూరంలో, పామర్రు మండలంలో పసుమర్రు ఉంది. కూచిపూడి భాగవతుల్లో పసుమర్తివారు పేరున్న కుటుంబం, మీకు తెలుసు. ఆ పక్క ఊరు నుంచే వచ్చారా అనిపిస్తుంది కదూ? కానీ చిలకలూరిపేట దగ్గర ఇంకో పసుమర్రు ఉంది. అందుకే పేరు కలవగానే తీర్పు చెప్పకూడదు. ఇంటిపేరు దారి చూపిస్తుంది. సాక్ష్యం వేరే వెతుక్కోవాలి.

మనుషుల పేర్ల మీద వచ్చిన ఇంటిపేర్లకూ ఈ పద్ధతే. నాయడు అన్న మాట 'నాయని' అయి, నలిగి 'నేని' అయింది. పోతినేని, సూరపనేని లాంటి పేర్లలో మొదటి భాగం ఎవరో ఒక మూలపురుషుడి పేరు. మిగతా రకాలను త్వరగా దాటేస్తాను. చేసిన పనిని బట్టి వచ్చినవి ఉన్నాయి, కరణం, భండారు లాంటివి. చదువును బట్టి వచ్చినవి, ద్వివేదుల, సోమయాజుల, అవధానుల. చెట్టూ చేమా జంతువులూ ఉన్నాయి, తుమ్మల, రావి, మర్రి, గుర్రం, ఏనుగుల. వీటిలో కొన్ని ఊళ్ళ పేర్ల నుంచి అరిగి మిగిలినవీ ఉండొచ్చు. అదొక పెద్ద అడవి, ఇవాళ అందులోకి వెళ్ళను.

ఈ ఆచారం ఎప్పటిది? కవుల్ని వరసగా తలుచుకుంటే కొంత తెలుస్తుంది. పదకొండో శతాబ్దపు నన్నయ గారికి ఇంటిపేరు వినం. నన్నయభట్టు, అంతే. పదమూడో శతాబ్దానికి తిక్కన గారు కొట్టరువు తిక్కన. పదిహేనో శతాబ్దానికి పోతన గారు బమ్మెర పోతన. బమ్మెర ఇప్పటికీ జనగామ జిల్లాలో ఉంది. కాకతీయుల శాసనాల్లో సేనానుల పేర్ల ముందు వంశాల పేర్లు గట్టిగా కనిపిస్తాయి. రామప్ప గుడి కట్టించింది రేచర్ల రుద్రుడు, 1213లో. మాల్యాలవారు, గోనవారు, విరియాలవారు, అందరూ ఆ కాలపువాళ్ళే. నా ఆలోచన ఏమిటంటే, చెరువులు తవ్వి, అడవి కొట్టి, కొత్త ఊళ్ళు నిలబెట్టిన కాలం అది. జనం బాగా కదిలిన కాలం. కదిలినచోట 'ఎక్కడివాళ్ళు' అన్న ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్నకు జవాబే ఇంటిపేరు.

ఇంకో విచిత్రం. ఊరి నుంచి ఇంటిపేరు పుట్టినట్టే ఇంటిపేరు నుంచి ఊరు కూడా పుడుతుంది. కందుకూరు పక్కనే వలేటివారిపాలెం అని మండలమే ఉంది. వలేటివారు ఎక్కడి నుంచో వచ్చి అక్కడ పాలెం వేశారు. ఆ 'ఏటి' చూస్తే వాళ్ళు విడిచి వచ్చిన ఊరి పేరులో ఏరు ఉండి ఉంటుందనిపిస్తుంది. పాత ఊరు ఇంటిపేరు అయింది, ఇంటిపేరు మళ్ళీ ఊరు అయింది.

ఇప్పుడు నాకు కష్టం కలిగించే విషయం చెప్పాలి. ఇంతవరకు నేను చెప్పిన పేర్లన్నీ దాదాపు కాగితం మీదికి ఎక్కగలిగినవాళ్ళవి. దానశాసనం వేయించుకున్నవాళ్ళు, పుస్తకం రాసుకున్నవాళ్ళు, కచేరీలో కుర్చీ ఉన్నవాళ్ళు. మిగతావాళ్ళకు ఇంటిపేర్లు లేవా? ఉన్నాయి. ప్రతి కులంలో, ప్రతి వాడలో ఉన్నాయి. పెళ్ళి సంబంధం కలుపుకోవాలంటే ముందు ఇంటిపేరే అడుగుతారు. ఒకటే అయితే అన్నదమ్ముల వరస, పెళ్ళి కుదరదు. ఈ పట్టింపు పేద ఇళ్ళలోనూ అంతే గట్టిగా ఉంది. కానీ రాసేవాడు ఆ పేరు అడగలేదు. అడగకుండా కులం పేరు రాసుకున్నాడు.

పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి తన పంట తన గడపకు చేర్చుకున్న తల్లిని మనం ఏమని పిలుస్తాం? చాకలి ఐలమ్మ. ఆమె ఇంటిపేరు చిట్యాల. చిట్యాల ఐలమ్మ. మీలో ఎంతమంది ఈ పేరు విన్నారు? చేతులెత్తండి. చూశారా, నాలుగైదు చేతులే లేచాయి. చాకలి అన్న మాటలో చిన్నతనం ఏమీ లేదు. ఆ పేరుతోనే ఆమె వీరనారి అయింది, ఆ పేరునే గర్వంగా చెప్పుకునేవాళ్ళు లక్షలమంది ఉన్నారు, హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి కూడా ఆ పేరే పెట్టారు. నా బాధ వేరు. దేశ్‌ముఖ్ ఇంటిపేరు మనకు తెలుసు, కరణం ఇంటిపేరు తెలుసు, ఐలమ్మ ఇంటిపేరు మాత్రం వెతుక్కోవలసి వచ్చింది. ఆమెకు పేరు లేక కాదు. అడగాల్సినవాళ్ళు అడగలేదు.

సముద్రం దాటినవాళ్ళకు ఇంకా అన్యాయం జరిగింది. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలను తీసుకుని దక్షిణాఫ్రికా డర్బన్ రేవు చేరింది. చెరకు తోటల్లో పనికి. ఆ తరవాత ఎన్నో ఓడలు వెళ్ళాయి. వాటిలో మన ఉత్తరాంధ్రవాళ్ళు, ఉత్తర ఆర్కాటువాళ్ళు, చిత్తూరువాళ్ళు ఉన్నారు. ఓడ ఎక్కినవాళ్ళ జాబితాలు ఇప్పటికీ ఉన్నాయి. మనిషికో నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు. ఇన్ని గళ్ళు గీశారు, ఇంటిపేరుకు మాత్రం గడి లేదు. అక్కడి అధికారికి చివర ఒక వంశనామం కావాలి. ఇక్కడివాడు ఇంటిపేరు ముందు చెబుతాడు, లేదా అసలు చెప్పడు. దాంతో కులబిరుదో తండ్రి పేరో వంశనామంగా పడిపోయింది. నాయుడు నైడూ అయింది. మారిషస్‌లో అప్పన్న, అప్పాడు, వెంకటసామి లాంటి ఎవరో ఒక తాత సొంత పేర్లు ఇప్పుడు కుటుంబాల పేర్లు. కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కిన పుణ్యానికి మన జనాన్నంతా అక్కడ కోరంగీలు అనేవారు. ఒక రేవు పేరు మొత్తం జాతికే ఇంటిపేరు అయినట్టు.

ఆ దేశాల నుంచి మనుమలు, మునిమనుమలు ఇక్కడికి వచ్చి ఊరు వెతుక్కుంటారు. వాళ్ళ చేతిలో ఊరి పేరు ఉంటుంది, అదీ ఇంగ్లీషు స్పెల్లింగులో నలిగిపోయి. ఇంటిపేరు ఉండదు. ఆ ఊళ్ళో ఎవరి గడప తట్టాలో తెలియదు. మనకు తిరగబడి ఉంది. ఇంటిపేరు ఉంది, ఊరు మరిచిపోయాం. వాళ్ళతో పోలిస్తే మన పని ఎంత తేలికో చూడండి.

మరి ఎలా వెతకాలి? ముందు ఇంటిపేరు చివర చూడండి. టి, తి, రి ఉంటే దాన్ని వెనక్కి తిప్పి ఊరిపేరు చేయండి. ఆ పేరుతో ఎన్ని ఊళ్ళున్నాయో పటంలో చూడండి. ఒక్కటే ఉంటే అదృష్టం. కందుకూరే తీసుకోండి, ఒంగోలుకు దక్షిణాన ఒకటి, హైదరాబాదు పక్కన రంగారెడ్డి జిల్లాలో ఒకటి. జిల్లాను నమ్ముకోకండి, జిల్లాలు మారుతుంటాయి. ఆ ఒంగోలు వైపు కందుకూరు నెల్లూరు జిల్లాలో ఉండేది, 1970లో కొత్త జిల్లా ఏర్పడితే అందులోకి వచ్చింది, 2022లో మళ్ళీ నెల్లూరులో కలిపారు. పాత కాగితాల్లో ఏ జిల్లా కింద వెతకాలో ఇది తెలిస్తేనే తెలుస్తుంది.

తరవాత ఇంట్లో పెద్దవాళ్ళను ఇలవేల్పు ఎవరని అడగండి. మనవాళ్ళు పొలం అమ్ముకుని వచ్చినా దేవుణ్ణి విడిచి రారు. పిల్లలకు పుట్టువెంట్రుకలు ఎక్కడ తీయిస్తారు, పెళ్ళయ్యాక జంటను ముందుగా ఏ గుడికి తీసుకెళతారు అని అడగండి. తరతరాలుగా దూరాభారమైనా ఒక మారుమూల గుడికే వెళుతున్నారంటే, కారణం అక్కడ ఉంటుంది. ఆ గుడి చుట్టూ పది మైళ్ళలో మీ ఇంటిపేరు ఊరు ఉందేమో చూడండి. గయలో పిండాలు పెట్టి వచ్చినవాళ్ళు ఉంటే, అక్కడి పండా, అంటే యాత్రికులకు కర్మ చేయించే పురోహితుడు, ఎవరో అడగండి. ఏ ఊరివాళ్ళు, ఎవరి కొడుకులు, ఎవరి మనుమలు వచ్చారో పండాలు తమ బహీల్లో, అంటే ఖాతా పుస్తకాల్లో, రాసి పెట్టుకుంటారు. పొలం ఉన్న కుటుంబాలైతే పాత ఇనాం దస్తావేజులు, రిజిస్ట్రేషన్ నకళ్ళు చూడండి. ఇవేవీ లేని ఇళ్ళలో ముసలమ్మలు ఉంటారు. వాళ్ళకు పెళ్ళిళ్ళ లెక్క నోటికి ఉంటుంది. ఏ ఇంటిపేరువారికి ఎవరిని ఇచ్చారో, ఏ ఊరు నుంచి తెచ్చుకున్నారో చెబుతారు. ఫోనులో రికార్డు చేసి పెట్టుకోండి, ఈ వారంలోనే.

(శ్రోతల్లోంచి ఒకరు: ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్ళంతా ఒకే కులమా, చుట్టాలా అండీ?)

కాదమ్మా. ఊరి మీద వచ్చిన పేరైతే అసలే కాదు. ఆ ఊరు నుంచి కదిలిన ప్రతి కుటుంబానికీ ఆ పేరు అంటుకుంటుంది. బ్రాహ్మలు, రెడ్లు, కమ్మవారు, మాలలు, మాదిగలు, పద్మశాలీలు, ఎవరు కదిలితే వాళ్ళకి. ఇంటిపేరు చూసి కులం కనిపెట్టేస్తామనుకునేవాళ్ళకు ఇది గుర్తుచేయాలి. ఒకే ఇంటిపేరున్న రెండు కులాలవాళ్ళ ముత్తాతలు ఒకే చెరువు నీళ్ళు తాగి ఉండొచ్చు. అలాగే ఒకే రక్తమైనా ఇంటిపేరు మారుతుంది. శ్రీశ్రీ గారు పుట్టింది పూడిపెద్దివారింట. శ్రీరంగంవారికి దత్తత వెళ్ళారు కాబట్టి శ్రీరంగం శ్రీనివాసరావు అయ్యారు.

(మరొకరు: పెళ్ళయితే ఆడవాళ్ళు ఇంటిపేరు మార్చుకోవాలని చట్టం ఉందా?)

లేదు. మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పదు. మార్చుకోవడం, మానడం మీ ఇష్టం. ఆచారం వేరే సంగతి, అది ఒక్కోచోట ఒక్కో విధం. ఆదిలాబాదు ఇంద్రవెల్లి మండలంలోని కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు నాగోబా జాతర చేస్తారు. గోండుల్లో మెస్రం ఇంటిపేరువారి జాతర అది. ఎక్కడెక్కడి మెస్రంవారూ చేరతారు. నడిచి వెళ్ళి గోదావరి నీళ్ళు తెచ్చి పూజ చేస్తారు. ఆ ఏడాది ఆ ఇళ్ళకు వచ్చిన కొత్త కోడళ్ళను తెల్లటి బట్టల్లో తీసుకొచ్చి దేవుడికి పరిచయం చేస్తారు. బేటింగ్ అంటారు దాన్ని. అది జరిగాకే ఆ పిల్ల మెస్రం ఇంటి మనిషి. ఇంటిపేరు ఇవ్వడాన్ని అంత మర్యాదగా, అందరి ఎదుట చేస్తారు. మన వైపు కోడలి పేరు రేషన్ కార్డులో మార్చి ఊరుకుంటాం.

నేను కోరేదొకటి. మీరు వంశవృక్షం రాసేటప్పుడు కోడళ్ళ పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు తప్పకుండా రాయండి. చాలా వంశవృక్షాల్లో ఆడవాళ్ళ పేరు పక్కన 'భార్య' అని మాత్రమే ఉంటుంది. అమ్మమ్మ పుట్టింటి పేరు, నాయనమ్మ పుట్టింటి పేరు, వాళ్ళమ్మల, తాతల అమ్మల పుట్టింటి పేర్లు అడిగి రాసుకోండి. మూడు తరాలు వెనక్కి వెళ్ళేసరికి మీకు ఒక ఇంటిపేరు కాదు, ఎనిమిది వస్తాయి. ఎనిమిది ఊళ్ళు వెతకాలి. కాగితం, పెన్ను బయట బల్ల మీద ఉన్నాయి, ఆంధ్ర, తెలంగాణ పటాలు కూడా గోడకు పెట్టించాను. మీ ఇంటిపేరు చెప్పండి, అక్కడే నిలబడి కలిసి వెతుకుదాం.